పేరొక్కటే దాస్తే సరిపోదక్కా

మస్కట్,
శుక్రవారం మధ్యాహ్నం.

మా ఎస్తేరక్కకి,

నీ చెల్లెలు రూతు ప్రభువు పేరిట వందనాలు చెప్పి రాస్తున్నది. దేవుడి కృప వల్ల నేనిక్కడ బాగానే ఉన్నాను. అమ్మ మోకాలు ఎలా ఉంది? నేను పంపిన నూనె రాస్తోందా, లేక మళ్ళీ నేలమీద చతికిలబడి బట్టలుతుకుతోందా? బావగారికి ఆ కరెంటు స్తంభాలెక్కే పని ఇంకా తప్పలేదా? వానలు పడతాయి, చేతులకి తొడుగుల్లేకుండా తీగ ముట్టుకోవద్దని నా మాటగా చెప్పు. చిట్టి పదో తరగతి పుస్తకాలు తెరుస్తోందా, టీవీ ముందే ఉంటోందా? అందరూ బాగున్నారని రెండు ముక్కలు రాయి, నాకు అన్నం సహిస్తుంది.

ఫోను చెయ్యకుండా ఉత్తరమేంటని నువ్వు మూతి ముడుస్తావని తెలుసు. కావాలనే రాస్తున్నాను. ఫోను చేస్తే నేను అరుస్తాను, అదొకటి. రెండోది, నా గొంతు వినపడగానే నువ్వు స్పీకరు పెట్టేస్తావు. అమ్మ వినాలని పెడతావు, కాదనను. కానీ పక్కింటివాళ్ళు, పాలు పొయ్యడానికి వచ్చినావిడ, దారిన పోతూ మంచినీళ్ళకి ఆగినవాళ్ళు, అందరూ వింటారు. "రూతూ, బాగున్నావేటే" అని నాకు తెలియని గొంతులు కూడా పలకరిస్తాయి. ఉత్తరానికి స్పీకరు ఉండదు కదా. తలుపేసుకుని నువ్వొక్కదానివే చదువు. ఊరికి వచ్చేవాళ్ళ చేతికి కూడా ఇవ్వలేదు, పోస్టులోనే వేస్తున్నాను.

ముందుగా ఒక మాట. మొన్న ఫోనులో నీ మీద విరుచుకుపడి, నువ్వు మాట్లాడుతుండగానే పెట్టేశాను. అమ్మ తర్వాత అమ్మలాంటి దానివి, నీతో అలా మాట్లాడకూడదు. క్షమించు. కానీ నా కోపం మొత్తం పోయిందనుకోకు. సగం పోయింది. ఆ సగం ఎలా పోయిందో, మిగతా సగం ఎందుకుందో చెప్పడానికే ఈ ఉత్తరం.

ఇక్కడ ఎండల సంగతి ఏం చెప్పను. పొద్దున్నే బస్సు కోసం నిలబడితే చెప్పుల్లోంచి సెగ తగులుతుంది. ఆసుపత్రి లోపలికి వెళ్తే ఏసీకి పళ్ళు టకటకమంటాయి, స్వెట్టరు వేసుకుని పని చేస్తున్నానంటే నమ్ముతావా? తిండికి లోటు లేదు. చేప దొరుకుతుంది, బియ్యం దొరుకుతుంది. నా గదిలో ఉండే లిస్సీ అని కేరళ అమ్మాయి కొబ్బరి వేసి చేపల కూర బాగానే చేస్తుంది. తినేటప్పుడు మాత్రం చింతచిగురు గుర్తొచ్చి ముద్ద ఆగుతుంది. శుక్రవారం ప్రార్థనకి వెళ్తున్నాను, మానలేదు. తెలుగువాళ్ళం కొద్దిమందిమే, పాట ఎత్తుకుంటే గొంతులు కలవవు. అయినా పాడతాం. ఒంటరిగా అనిపిస్తుందా అని అమ్మ అడిగితే అనిపించదని చెప్పు. నీకు మాత్రం నిజం చెబుతున్నాను, అనిపిస్తుంది.

అందుకే, మన వైపు మాట చెవిన పడేసరికి నేను అంత కరిగిపోయాను.

నేను పని చేసేది ఐసీయూలో అని నీకు తెలుసు. మా దగ్గరికి ఎక్కువగా వచ్చేది ఒక రకం జబ్బు. ఎక్కడో చిన్న గాయమో, పుండో ఉంటుంది. పట్టించుకోరు. ఆ విషం రక్తంలోకి పాకుతుంది. జ్వరం, వణుకు, బీపీ పడిపోవడం, మూత్రం ఆగిపోవడం, ఇలా ఒంట్లోవి ఒక్కొక్కటే మొరాయిస్తాయి. దాన్ని సెప్సిస్ అంటారు. సరైన మందు ఎంత బేగి పడితే అంత మంచిది. ఏది సరైన మందన్నదే తంటా. అన్ని సూక్ష్మజీవులూ ఒకే మందుకి లొంగవు.

మా పెద్ద డాక్టరమ్మ శ్రీలంక ఆవిడ. పొట్టిగా ఉంటుంది, మాట మెల్లగా ఉంటుంది, ఆవిడ వస్తే వార్డంతా సర్దుకుంటుంది. ఆవిడ ఒక పని మొదలుపెట్టింది. ఒక్క ఆసుపత్రికి ఇలాంటి రోగులు వచ్చేది కొద్దిమందే. అదే నాలుగైదు ఆసుపత్రుల వాళ్ళు తమ రికార్డులన్నీ ఒకచోట పెడితే, ఎలాంటి గాయానికి ఏ మందు ముందు వెయ్యాలో, ఎంతసేపట్లో వెయ్యాలో తేలుతుంది. అయితే రోగి ఒప్పుకుని సంతకం పెట్టాలి. ఆ మనిషి ఎవరన్నది బయటికి పొక్కకూడదు. రికార్డులోంచి పేరు తీసేసి శుభ్రం చేసే పని నాకూ లిస్సీకీ అప్పగించింది. నేను ఎంత మురిసిపోయానో నీకు ఫోనులో చెప్పాను కూడా. 'పేరు కొట్టేయడానికి కూడా జీతమేటే' అని నువ్వు నవ్వావు, గుర్తుందా?

సరిగ్గా ఆ రోజుల్లోనే ఆ బొమ్మలాయన వచ్చాడు. ఆయన సంగతి ఇప్పుడు మన చర్చి మొత్తానికి తెలుసు కాబట్టి ఆయన గురించి రాస్తున్నాను. పేరు మాత్రం ఇప్పుడు కూడా రాయను.

ఇక్కడ కట్టడాల్లో వడ్రంగి పనికి వచ్చిన మనిషి. అరచేతికి మేకు దిగితే గుడ్డ చుట్టుకుని పని చేసుకుంటూ పోయాడట. పనివాళ్ళు ఉండే క్యాంపు నుంచి తీసుకొచ్చేసరికి ఒళ్ళు కాలిపోతోంది. కాగితం మీద ఊరు చూసి "ఏం బాబూ, ఎలా ఉంది?" అని తెలుగులో అడిగాను. అంత జ్వరంలోనూ కళ్ళు తెరిచాడు.

"సిస్టరు గారూ, మీది మన వైపేనేటండీ? ఆ మాట ఇంటే పేనం లేసొచ్చినాది" అన్నాడు.

నాకూ అంతే అయిందక్కా. సూది గుచ్చుతూ, సెలైను పెడుతూ ఊరి కబుర్లు చెప్పించాను. కుటుంబం లక్కబొమ్మల వాళ్ళు. ఆయనకీ చేతిలో ఆ పనే. కాసేపటికి వణుకు మొదలైంది. నా చెయ్యి పట్టుకుని ఒకే ఒక్కటి అడిగాడు.

"మా ఇంటికి మాత్రం సెప్పకండమ్మా. మా ఆడదానికి ఏడో నెల. ముందుసారి బిడ్డ నిలవనేదు. ఇది ఇంటే అది తట్టుకోనేదు. నాను లేసినాక నానే సెప్పుకుంటాను."

చెప్పనని మాటిచ్చాను. ఆ సాయంత్రానికి బీపీ దిగిపోతోంది, మందు పట్టడం లేదు. డ్యూటీ దిగి బయటికి వచ్చి నీకు ఫోను చేశాను. నాకు భయమేసిందక్కా. మనవాడు నా కళ్ళ ముందు పోతాడేమోనని. మన సంఘమంతా మోకరిస్తే బాగుండునని అనిపించింది. అంతకుమించి నా మనసులో ఏమీ లేదు.

నువ్వేమన్నావో గుర్తుచేసుకో. "పేరొద్దులేవే. మనోడేనా? ఏ వైపు?" అన్నావు. ఏటికొప్పాక వైపన్నాను. "ఏటి పని సేత్తాడు?" అన్నావు. ఇంటి దగ్గర లక్కబొమ్మలు, ఇక్కడ వడ్రంగం అన్నాను. "ఏటయింది?" అన్నావు. చేతికి మేకన్నాను. పేరు చెప్పలేదు కదా, ఇంకేం ఫరవాలేదనుకున్నాను. నువ్వూ అదే అనుకున్నావు.

ఆదివారం చర్చిలో ఏం జరిగిందో అమ్మ పూసగుచ్చినట్టు చెప్పింది. నువ్వు ప్రార్థన విన్నపాలు చదవడానికి లేచి 'దూరదేశంలో జబ్బుతో ఉన్న ఒక సహోదరుడి కోసం' అన్నావు. అక్కడితో ఆగి ఉంటే ఏ గొడవా ఉండేది కాదు. కానీ మనవాళ్ళు ఆగనిస్తారా? ముందు బెంచీలోంచి సుందరమ్మ గారు "ఎవురికోసమో తెలకుండా ప్రార్దన ఎలాగ సేత్తామమ్మా, ఊరైనా సెప్పు" అంది. నువ్వు ఊరి వైపు చెప్పావు. ఇంకొకావిడ "పెద్దోడా, సిన్నోడా? ఏటి పనోడు?" అంది. బొమ్మల పని చెప్పావు. "మరేటయింది?" అన్నారు. మేకు చెప్పావు. ఒక్కొక్కరూ ఒక్కొక్కటే అడిగారు. మనసారా ప్రార్థన చెయ్యడానికే అడిగారు, వాళ్ళని నేనేమీ అనను. అందరూ మోకాళ్ళ మీద పడి కన్నీళ్ళతో ప్రార్థించారట కూడా.

కానీ వెనక బెంచీ ఆవిడ ఆడపడుచుని ఇచ్చింది ఆ ఊరికే కదా! ఆ ఊళ్ళో బొమ్మలు చేసే ఇళ్ళల్లోంచి వడ్రంగానికని ఇక్కడికి వచ్చినవాళ్ళు ఎందరుంటారు? ఆవిడ ఆరాధన ముగిసీ ముగియగానే బస్సెక్కింది. నువ్వు చెప్పింది చేతికి మేకు దిగిందని. అడ్డరోడ్డులో ఆటో మారేసరికి చెయ్యి తీసేశారని అయింది. ఆ గుమ్మం ముందుకి చేరేసరికి మనిషి దక్కడన్నారు. బొమ్మలాయన భార్య ఉన్నచోటే కూలబడింది. ఆసుపత్రిలో ఒక పూట ఉంచి, బిడ్డ బాగానే ఉందని పంపించారట. దేవుడు కాపాడాడు. లేకపోతే నీ మొహం, నా మొహం ఎక్కడ పెట్టుకునేవాళ్ళం?

మర్నాడు ఆవిడ క్యాంపుకి ఫోను చేసింది. క్యాంపువాళ్ళు ఆయన ఫోను తెచ్చి మా దగ్గర ఇచ్చారు, ఆవిడ మళ్ళీ దానికి చేసింది. అప్పటికి జ్వరం తగ్గుముఖం పట్టింది, మాట మాట్లాడుతున్నాడు. ఆయన చేతులకి గొట్టాలున్నాయని ఫోను నేనే చెవి దగ్గర పట్టుకున్నాను. అందుకే ఆ మాటలన్నీ నేనూ వినాల్సొచ్చింది.

"నీకు సెయ్యి తీసేసినారంట గదా! నాకు అబద్దం సెప్పకు!" అని ఏడుస్తోంది.

"లేదే పిచ్చిదానా, రెండు సేతులూ ఉన్నాయి" అన్నాడు.

"అయితే సప్పట్లు కొట్టు. నాను ఇంటాను."

ఆయన కొట్టాడు. కట్టు కట్టిన చెయ్యి కదా, శబ్దమే రాలేదు. "అది సప్పట కాదు, నువ్వు మంచం మీద కొడతన్నావు" అని ఆవిడ ఇంకా గట్టిగా ఏడ్చింది. ఆయన నా వైపు చూశాడు. చివరికి ఆయనే "సరే, సిటికెలు ఇను. రెండు సేతుల్తోనూ ఒక్కపాలే ఏత్తాను" అన్నాడు. కట్టు బయటికి వేళ్ళు కొంచెం ఉన్నాయి. నొప్పికి పళ్ళు బిగబట్టి రెండు చిటికెలూ కలిపి వేశాడు. నేను ఫోను చేతుల మధ్య పెట్టాను. అటు నుంచి ఆవిడ "ఇంకోపాలి ఎయ్యి" అంది. మళ్ళీ వేశాడు. అప్పుడు నమ్మింది.

ఫోను పెట్టేశాక, నీకు చెప్పిన సంగతీ చర్చి సంగతీ ఒప్పుకున్నాను. ఆయన నన్ను తిట్టి ఉంటే బాగుండేది. తిట్టలేదు.

"సిస్టరు గారూ, నాను సెప్పొద్దన్నాను, మీరు నా పేరు సెప్పనేదు. మీ అక్క గారూ సెప్పనేదంట. మరి నానేనని ఎలాగ తెలిసిపోనాదండీ?" అని అడిగాడు. నిజంగానే తెలుసుకోవాలని అడిగాడు. నా మీద నాకొచ్చిన కోపమంతా తీసుకొచ్చి నీ మీద పోశాను.

అదే రోజు డాక్టరమ్మ ఆయన సంతకం కోసం వచ్చింది. పేరు తీసేసే పంపుతామని తెలుగులో చెప్పమంది. చెప్పాను.

"పేరు తీసేత్తే ఏటవుతాదో సూసినాం కదండీ. వద్దండి" అన్నాడు.

ఆ మాటని నేనే ఇంగ్లీషులో డాక్టరమ్మకి చెప్పాలి! ఏం జరిగిందని ఆవిడ అడిగింది. అంతా చెప్పేశాను. ఉద్యోగం పోతుందనుకున్నాను. మాటిచ్చి నిలబెట్టుకోలేదని ఆవిడ ఒక్క మాటే అంది, నా మొహం చూడకుండా. తర్వాత నన్నూ లిస్సీనీ తన గదిలోకి పిలిచి, నేను పేరు తీసేసి శుభ్రం చేశానని సంబరపడ్డ పాత రికార్డుల్లోంచి ఒకటి తీసి లిస్సీ చేతిలో పెట్టింది. "ఇదెవరో చెప్పు" అంది. లిస్సీ కింది దాకా కూడా చదవలేదు. బెడ్డు నంబరుతో సహా చెప్పేసింది. ఏ వివరం చూసి గుర్తుపట్టిందో నీకు రాయను. మనిషికి ఉండే పనో, వయసో, వచ్చిన రోజో, ఒక్కొక్కటీ విడిగా చూస్తే ఏమీ కాదు, అన్నీ ఒకే కాగితం మీద ఉంటే ఆ మనిషే ఎదురొచ్చి నిలబడతాడు.

"అందుకే నేను ఇంకా ఏదీ పంపలేదు" అంది డాక్టరమ్మ.

అక్కడే నీ మీద సగం కోపం దిగిపోయిందక్కా. నువ్వు చర్చిలో చేసిందే నేను కంప్యూటరు ముందు కూర్చుని చేస్తున్నాను. ఇప్పుడు పద్ధతి మార్చాం. పేరుతోపాటు ఊరు తీసేస్తాం. వయసు సుమారుగా రాస్తాం. పని ఏదైనా 'చేతిపని' అంటాం. తేదీలన్నీ ముందుకో వెనక్కో జరిపేస్తాం, కానీ జ్వరం మొదలైనప్పటి నుంచి మందు పడేదాకా పట్టిన వ్యవధి మాత్రం ముట్టుకోం. డాక్టర్లకి కావలసింది అదే. నేను శుభ్రం చేసింది లిస్సీ చూడాలి, ఆ అమ్మాయి చేసింది నేను చూడాలి. ఎవరో గుర్తుపట్టామా, ఇంకా తీసెయ్యాలి.

ఇంతవరకే అయితే నీకు ఉత్తరం రాసేదాన్ని కాదు, ఫోనులో ఏడ్చి ఊరుకునేదాన్ని. దీని తర్వాతది విను. రాయొచ్చో రాయకూడదో అని చాలా ఆలోచించాను. రాయకపోతే నీకు దీని బరువు తెలియదు.

బొమ్మలాయన భార్య క్యాంపుకి ఫోను చేసిందన్నాను కదా. దానితో క్యాంపంతా గుప్పుమంది. వందలమంది ఉంటారక్కడ, తెలుగువాళ్ళు, బెంగాలీలు, నేపాలీలు, అందరూ. ఆసుపత్రిలో పడ్డ మాట మన ఇళ్ళకి చేరిపోతోంది, అక్కడి సిస్టర్లే చేరవేస్తున్నారని అనుకున్నారట. బొమ్మలాయనే నాతో చెప్పాడు, చూడడానికొచ్చిన వాళ్ళు అన్నారని. "జొరమొత్తే మాత్రేసుకుని పడుకోడమే నయమంటన్నారండి ఆల్లు. నాను వద్దని సెప్పినాను. ఇంటారో ఇనరో."

ఒకాయన వినలేదు.

ఆయన్ని తీసుకొచ్చినప్పుడు నేనే డ్యూటీలో ఉన్నాను. ఊరు చెప్పను. వయసు చెప్పను. ఏ భాషవాడో చెప్పను. దెబ్బ చేతికో కాలికో చెప్పను. నీకు ఇప్పటికే నాలుక చివర ప్రశ్న ఉంటుంది, మింగెయ్. జ్వరం దాచిపెట్టి, మాత్రలు మింగుతూ పనికి వెళ్ళాడు. పనిలోనే పడిపోయాడు. బీపీ అందడం లేదు, పిలిస్తే పలకడం లేదు. మోసుకొచ్చిన మనిషిని "ఇన్నాళ్ళూ ఎందుకు తీసుకురాలేదు?" అని అడిగాను. అతను నా మొహంకేసి చూసి, తల దించుకున్నాడు. అక్కా, ఆ చూపు నాకు చచ్చేదాకా గుర్తుంటుంది.

గొంతులో గొట్టం వేసి వెంటిలేటర్ పెట్టాం. మామూలుగా ముందు వేసే మందు వేశాం. గంటలు గడుస్తున్నాయి, బీపీ నిలబడడం లేదు. ల్యాబు రిపోర్టు రావడానికి ఇంకా టైముంది, అప్పటిదాకా మనిషి ఆగేలా లేడు. డాక్టరమ్మ కంప్యూటరు ముందు కూర్చుంది. వేరే ఆసుపత్రివాళ్ళు తమ రికార్డులు ఈ మధ్యే పంపారు. అందులో క్యాంపుల నుంచి ఇలాంటి గాయాలతో వచ్చినవాళ్ళ సంగతులున్నాయి. ఎవరో తెలియదు. పేర్లు లేవు, ఊళ్ళు లేవు. వాళ్ళల్లో చాలామందికి ఈ మొదటి మందు పని చెయ్యలేదు, ఇంకొకటి బేగి వేసినవాళ్ళు తేరుకున్నారు. డాక్టరమ్మ లేచి వచ్చి "మందు మార్చండి, ఇప్పుడే" అంది. మార్చాం. ఆ తర్వాత చెయ్యడానికి ఏమీ లేదు, మానిటరు చూస్తూ నిలబడడం తప్ప. నేను ప్రార్థన చేశాను. ఎవరికీ ఫోను చెయ్యలేదు.

పక్క గదిలో ఉన్న బొమ్మలాయనకి ఈ సంగతి నేను చెప్పలేదు. కానీ క్యాంపు నుంచి ఎవర్నో మోసుకురావడం ఆయన కిటికీలోంచి చూశాడు. డాక్టరమ్మ రౌండ్సుకి వచ్చినప్పుడు ఆయనే అడిగాడు, ఇలాంటి జబ్బుకి ఏ మందెయ్యాలో మీకెలా తెలుస్తుందని. ఎవరో ముక్కూమొహం తెలియని వాళ్ళు తమ రికార్డులిచ్చారు, వాటిని చూసి కొంత తెలుస్తుందని ఆవిడ చెప్పింది. నేను తెలుగులో చెప్పాను. ఆయన కట్టుచెయ్యి ఒకసారి ఎత్తి చూసుకున్నాడు.

"ఆల్లెవులో ఇచ్చినారు. మరి నాను ఇవ్వపోతే ఎలాగండీ" అన్నాడు. "ఇత్తాను గానీ మా ఊరు తీసెయ్యండి. బొమ్మలు తీసెయ్యండి. మా ఆడదాని మాట ఎక్కడా రానివ్వకండి. మేకొక్కటీ ఉంచండి. మేకు ఎవులికైనా దిగుతాది."

ఎడమచేత్తో వంకర టింకరగా సంతకం పెట్టాడు. ఆయన రికార్డు నేను శుభ్రం చేశాను. లిస్సీకి ఇస్తే ఈసారి అటూ ఇటూ తిప్పి చూసి, ఎవరో తెలియడం లేదంది. ఆ అమ్మాయి అలా అన్నందుకు కౌగిలించుకున్నాను.

ఇప్పుడు నీతో పని. నువ్వు ఏటికొప్పాక వెళ్ళాలి. బొమ్మలాయన భార్య దగ్గర కూర్చుని, తప్పు మాదేనని చెప్పు. మా చెల్లి తరఫున కూడా అని చెప్పు. ఒక్కదానివే వెళ్ళు తల్లీ, స్త్రీల సమాజాన్నంతా ఆటోలో ఎక్కించుకుని పోకు! చిట్టిని కూడా వద్దు. తినడానికి ఏదైనా పట్టుకెళ్ళు. ఆయన కట్టు విప్పేశారని, వేళ్ళన్నీ ఆడుతున్నాయని చెప్పు. ఈ మాట ఆవిడకి చెప్పమని ఆయనే నాతో అన్నాడు, కాబట్టి ఇది చెప్పొచ్చు.

ఇంకొకటి, ఆదివారం విన్నపాలు చదివేటప్పుడు 'ఒక మనిషి కోసం, ఒంట్లో బాగోలేదు' అని చదువు. అంతే. సహోదరుడో, సహోదరియో అన్నది కూడా వద్దు. సుందరమ్మ గారు ఎవరమ్మా అంటుంది. దేవుడికి తెలుసండీ అను. దేశమైనా చెప్పమంటుంది. చెప్పకు. నీకు మొహమాటమెక్కువ, పెద్దావిడ అడిగితే నోరు కట్టుకోలేవు. అందుకే ఆ రెండో ఆయన సంగతి నీకు కూడా ఏమీ చెప్పలేదు. నీ మీద నమ్మకం లేక కాదు. తెలియకపోతే మొహమాటానికి కూడా చెప్పలేవు కదా.

పాస్టరు అయ్యగారికీ, అమ్మగారికీ నా వందనాలు. సుందరమ్మ గారికి కూడా వందనాలు చెప్పు, నా కోపం మాట మాత్రం ఎత్తకు. చిట్టికి ముద్దులు. బావగారికి నమస్కారాలు, చేతితొడుగుల సంగతి మరిచిపోకు. ఎవరైనా ఇటు వచ్చేవాళ్ళుంటే కాస్త కందిపొడి, రెండు బెల్లం ముక్కలు పంపించు. చింతచిగురు ఎండబెట్టి పంపితే ఇంకా మంచిది. నా ఒంటికేమీ లేదు, బాగానే ఉన్నాను, అమ్మని బెంగపెట్టుకోవద్దని చెప్పు. మీ అందరి ప్రార్థనలే నాకు కాపుదల. నా తలమీద చెయ్యి పెట్టినట్టు అనుకుని అమ్మని ఒక్కసారి దీవించమను.

నీ చెల్లెలు,
రూతు

అక్కా, కవరు అంటించకుండా డ్యూటీకి వెళ్ళాను. తిరిగొచ్చి ఈ నాలుగు ముక్కలూ రాస్తున్నాను. ఆ రెండో ఆయన గొంతులోంచి గొట్టం తీసేశాం. బతికాడు. గొంతు పూర్తిగా రాలేదు, పెదవులు కదుపుతున్నాడు. మంచినీళ్ళు అడుగుతున్నాడేమోనని వంగి చెవి పెట్టాను. ఆయన అడిగింది నీళ్ళు కాదు. "మా ఇంట్లో తెలిసిపోయిందా?" అని. ఏ భాషలో అడిగాడో, ఏ యాసలో అడిగాడో నీకు రాయను.

లేదు, ఎవరికీ తెలియదు అని చెప్పాను. కళ్ళు మూసుకుని నిద్రపోయాడు.

ఈసారి మాటిచ్చింది నేనొక్కదాన్నే కాదు, నీ తరఫున కూడా ఇచ్చేశాను. చదవడం అయ్యాక ఈ ఉత్తరం పొయ్యిలో వెయ్యి.

రూతు